అమ్మ అనగానే ఆ మంచమే కళ్ళముందుకొస్తోంది, ఏం రాయాలి?

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలో పర్లాకిమిడి. నాకు 52 ఏళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదివింది ఒడియా మీడియం, తెలుగు చదవడం రాయడం రాదు. నేను ఫోన్‌లో చెప్పి పంపితే విశాఖలో ఉన్న మా తమ్ముడి కూతురు టైపు చేస్తోంది. మా అమ్మ పోయిన శ్రావణంలో కాలం చేసింది, 83 ఏళ్ళు. పుట్టిల్లు ఆంధ్రా వైపు పాతపట్నం, కాపురం పర్లాకిమిడి. నాన్నది రైస్‌మిల్లులో పని, ఆ జీతం చాలక అమ్మ వడియాలు పెట్టి అమ్మేది, ఒడియా వాళ్ళ ఇళ్ళకి వాళ్ళ రకం మినప వడియాలు, బడి అంటారు, అవి పెట్టి ఇచ్చేది, అలాగే మా ముగ్గురినీ చదివించింది. చివరి రెండేళ్ళు పక్షవాతంతో మంచంలోనే ఉంది, నేనే చూసుకున్నాను. సంవత్సరీకానికి ఇంకా నాలుగు నెలలుంది. సూరత్‌లో ఉన్న మా అన్నయ్య అమ్మ మీద చిన్న పుస్తకం అచ్చు వేయిద్దాం, నువ్వే దగ్గరున్నావు కాబట్టి నువ్వే రాయి అంటున్నాడు. "అమ్మ దేవత, ఓర్పుకి మారుపేరు" అని మొదలుపెట్టమన్నాడు. రాద్దామని కూర్చుంటే ఆ మంచం, ముక్కులో గొట్టం, వీపు మీద పుళ్ళు, ఒక రాత్రి విసుగొచ్చి నేను అరిచిన మాట, ఇవే వస్తున్నాయి. అంతకుముందు అమ్మ ఎలా ఉండేదో గుర్తే రావడం లేదు. పైగా అమ్మకి కోపం ఎక్కువ, వదిన సూరత్ వెళ్ళకముందు మాతోనే ఉండేది, ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఇవన్నీ రాయాలా? ట్రంకు పెట్టెలో అమ్మ లెక్కల పుస్తకం ఒకటుంది, తెలుగులో ఉంది, నాకు చదవడం రాదు. అమ్మ తరఫున మిగిలింది పాతపట్నంలో చిన్నమ్మ ఒక్కర్తే, ఆవిడకి 78. పుస్తకం తెలుగులో వేయించాలా, ఒడియాలోనా? — పర్లాకిమిడి నుంచి ఒక చెల్లెలు

జవాబు:

చెల్లీ,

ముందు ఆ మంచం సంగతి మాట్లాడుకుందాం, పుస్తకం తర్వాత. పక్షవాతం వచ్చి పడుకున్నవాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని డాక్టర్లు చెబుతారు. ఒంటి గంటకి, మూడింటికి, ఐదింటికి లేచి ఆ పని చేసేది మాత్రం ఇంట్లో ఒక్కరే ఉంటారు, మీ ఇంట్లో అది నువ్వు. అంత చేసినా ఒక్కోసారి పుళ్ళు పడతాయి, ఆ వయసులో చర్మం అంత పల్చబడిపోతుంది, అందుకని ఆ పుళ్ళని నీ నిర్లక్ష్యం కింద లెక్కేసుకోకు. రెండేళ్ళ పాటు నిద్ర లేకుండా, ఏ నిమిషం ఏమవుతుందో అన్న టెన్షన్‌తో గడిపితే ఆ రోజులే మనసులో లోతుగా నాటుకుంటాయి. బాగా భయపడ్డవీ, అన్నిటికంటే చివర చూసినవీ ముందుకొచ్చి నిలబడి వెనకున్న ఎనభై ఏళ్ళనీ కనపడనివ్వవు. మంచం పట్టినవాళ్ళని చూసుకున్న కూతుళ్ళూ కోడళ్ళూ నాకు రాసే ఉత్తరాల్లో ఈ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, నువ్వొక్కదానివే కాదు. మీ అన్నయ్యకి సెలవులకి వచ్చి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడిన అమ్మ గుర్తుంటుంది, ఆయన ఎక్కువగా చూసింది ఆ అమ్మనే. నువ్వు చూసింది వేరు. ఆయన దేవత అనడం, నీకు చెయ్యి కదలకపోవడం, రెండూ ఒకే ప్రేమలోంచి వచ్చినవే, దాని మీద మీరిద్దరూ పోట్లాడుకోకండి.

ఆ అరిచిన రాత్రి పుస్తకంలోకి రానక్కర్లేదు. అలాగని లోపలే కుక్కి పెట్టుకోకు. మంచంలో ఉన్న మనిషికి చేసిన ఆడమనిషి మీ వీధిలోనే ఎవరో ఒకరు ఉంటారు, ఆవిడ దగ్గర కూర్చుని ఒక్కసారి పైకి చెప్పేయి. ఆవిడ నిన్ను తప్పు పట్టదు, ఎందుకు అరిచావని కూడా అడగదు, ఆవిడకి తెలుసు. ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ఏడాది దాటాక కూడా నిద్ర పట్టకపోయినా, వంటింట్లోకి వెళ్ళబుద్ధి కాకపోయినా అది మామూలు దుఃఖమేలే అని వదిలెయ్యకు. నేనూ పోతే బాగుండు అన్న ఆలోచన వస్తే అసలు ఏడాది దాకా ఆగనే వద్దు, ఆ రోజే 14416 కి ఫోన్ చెయ్యి. అది మనసు బాధల్లో ఉన్నవాళ్ళ కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ లైను, టెలి మానస్ అంటారు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఒడియాలోనూ మాట్లాడతారు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు 52, అమ్మ పోయేనాటికి 83. అంటే నువ్వు పుట్టేసరికే ఆవిడకి ముప్పై దాటేశాయి, నీకు బుద్ధి తెలిసేసరికి నలభై దగ్గర పడుతున్నాయి. నీకు తెలిసిన అమ్మ సగం జీవితం అయిపోయాక మొదలైన అమ్మ. మొదటి సగం నీ దగ్గర లేదు, కాస్త పెద్దవాడే అయినా మీ అన్నయ్య దగ్గరా లేదు. గుర్తుకు రావడం లేదని నువ్వు బాధపడుతున్నావు గానీ, చాలా భాగం నువ్వు చూడనే లేదు తల్లీ, ఎలా గుర్తొస్తుంది? కాబట్టి కాగితం ముందు కూర్చుని గుర్తు తెచ్చుకోవడం ఆపెయ్యి. లేచి వెళ్ళి అడుగు. మీ అమ్మ మీకు అమ్మ కాకముందు ఎవరో తెలుసుకో. అది తెలిసేకొద్దీ ఆ మంచం నెమ్మదిగా దాని చోటికి అది వెళుతుంది, 83 ఏళ్ళలో చివరి రెండేళ్ళుగా.

మొదట చిన్నమ్మ. ఈ వారమే వెళ్ళు, పండగకి వెళ్దాంలే అనుకోకు. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం. మీ అమ్మని పరికిణీలో చూసిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కర్తే మిగిలి ఉంది. నిన్న ఏ కూర తిన్నదీ ఆవిడకి గుర్తుండకపోవచ్చు, దానికి కంగారు పడకు. పెద్దవాళ్ళకి పదేళ్ళ వయసు నుంచి ముప్పై దాకా జరిగినవే అన్నిటికంటే బాగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా చెబుతారు, మీకు కావలసినవీ సరిగ్గా ఆ ఏళ్ళే.

వెళ్ళాక "అమ్మ ఎలా ఉండేది చిన్నమ్మా" అని మాత్రం అడగకు. "మా అప్ప బంగారం" అంటుంది, కళ్ళు తుడుచుకుంటుంది, నీకూ ఏడుపొస్తుంది, అక్కడితో ఆ పూట అయిపోతుంది. వస్తువుల గురించి అడుగు, చోట్ల గురించి అడుగు. నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చేవారు, ఎవరు మోసేవారు. రాత్రిళ్ళు అక్కచెల్లెళ్ళు ఎక్కడ పడుకునేవారు. బడికి ఎన్నో తరగతి దాకా పంపారు, ఎందుకు మాన్పించారు, మాన్పించిన రోజు అమ్మ ఏం చేసింది. నాన్నని పెళ్ళికి ముందు చూసిందా. నీలమణి దుర్గమ్మ గుడికి ఎవరితో వెళ్ళేది. అత్తారింటికి చిన్న రైలు ఎక్కి వచ్చిందా, బండి మీద వచ్చిందా, ఏం పెట్టి పంపారు. మొదటి పురుడు ఎక్కడ పోసుకుంది, మంత్రసాని ఎవరు. మీ అన్నయ్యకి ముందు గానీ మీ మధ్యలో గానీ పుట్టి పోయిన పిల్లలున్నారా.

ఆ చివరి ప్రశ్న చివర్లోనే అడుగు, అది కూడా నెమ్మదిగా. ఆ తరం ఆడవాళ్ళలో చాలామందికి అలాంటి లెక్క ఒకటి ఉండేది, ఎవరికీ చెప్పేవారు కాదు, ఫొటో ఉండదు, కొన్నిసార్లు పేరు కూడా పెట్టి ఉండరు. అలాంటిదేదైనా బయటికొస్తే వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యకు, ఊరుకో, చిన్నమ్మే మళ్ళీ మొదలుపెడుతుంది. మా అమ్మమ్మ నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోసి వచ్చాక సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. అది ఆవిడ నియమం అనుకున్నాం అందరం. ఆవిడ పోయిన చాలా ఏళ్ళకి మా పెద్దమ్మ చెబితే తెలిసింది, మా మావయ్యకి పైన ఒక ఆడపిల్ల ఉండేదని. మా ఇంట్లో ఇప్పుడు ఆ పిల్లని కూడా కలిపి లెక్క చెబుతాం.

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టు, చిన్నమ్మకి చెప్పే పెట్టు. ఫ్యాను ఆపెయ్యి, లేకపోతే తర్వాత వింటే గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, ఆవిడకి దగ్గరగా పీట మీద మడతపెట్టిన తువ్వాలు వేసి దాని మీద పెట్టు. గంటకి మించి కూర్చోబెట్టకు, మళ్ళీ ఇంకో రోజు వెళ్ళు. మొదటిసారి వెళ్ళొచ్చాక రాత్రంతా ఆవిడకి ఏవేవో గుర్తొస్తూనే ఉంటాయి, రెండోసారి వెళితే అవి చెబుతుంది. ఇంటికొచ్చిన రోజే ఆ ఫైలు మీ తమ్ముడి కూతురికి పంపించు, ఎప్పుడూ రెండు చోట్ల ఉండాలి. ఈ రికార్డింగుల మాటలో పడి ఇంకొకటి మర్చిపోయేను: అమ్మ గొంతు. పక్షవాతం రాకముందు అమ్మ పెట్టిన వాయిస్ మెసేజ్‌లు, వీడియోలు అన్నయ్య ఫోన్‌లో, వదిన ఫోన్‌లో, మనవల ఫోన్లలో ఎక్కడో ఉంటాయి. ఫోన్ మార్చితే పోతాయి. ఈ రోజే అందరికీ ఒక మెసేజ్ పెట్టి అవన్నీ ఒకచోట చేర్చండి. అమ్మ వాడిన ఫోన్ ఉంటే రీసెట్ చేసి ఎవరికీ ఇచ్చెయ్యకండి, ముందు అందులో ఏముందో చూసుకోండి.

సంవత్సరాల దగ్గర మీకు చిక్కు వస్తుంది. ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటే అదే నిజమనుకోకు, తేదీ తెలియనివాళ్ళకి చాలామందికి అలాగే వేసేశారు. చిన్నమ్మని ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేదు, దేనికి ముందు, దేని తర్వాత అని అడిగితే ఠక్కున చెబుతుంది. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957లో. "పెళ్ళి అణాల రోజుల్లోనే అయిపోయింది" అని ఆవిడ అంటే అమ్మకి పదహారేళ్ళకి అటూ ఇటూగానే అయి ఉంటుందన్నమాట. తలుపులన్నీ మూసుకుని ఇంట్లో కూర్చున్న సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16న. మీ ఊరు గంజాం నుంచి విడిపోయి గజపతి జిల్లా అయింది 1992 అక్టోబర్ 2న. ఒకే నెలలో రెండు తుపానులు వచ్చింది 1999 అక్టోబరులో, మొదటిది గోపాల్‌పూర్ దగ్గర, రెండోది పారదీప్ దగ్గర. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే చిన్న రైలు ఆగిపోయింది 2004లో, పెద్ద లైను వెయ్యడానికి. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న, అది నీకే బాగా తెలుసు. వీటిని ఒక కాగితం మీద నిలువుగా రాసుకుని పట్టుకెళ్ళు. చిన్నమ్మ చెప్పే ప్రతి సంగతినీ ఏదో ఒకదాని పక్కన రాసుకుంటూ పోతే అమ్మ జీవితం దానంతటదే వరసలోకి వస్తుంది.

ఇక్కడ నాకు చాలా ముఖ్యం అనిపించే సంగతి ఒకటుంది, మన వైపు వాళ్ళు తమ పెద్దల గురించి రాసుకునేటప్పుడు ఎందుకో దీన్ని వదిలేస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, ఏటికి ఈవల పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 83 ఏళ్ళంటే మీ అమ్మ పుట్టింది 1941కి అటూ ఇటూ, అంటే గీత గీసిన ఐదేళ్ళకి. ఆవిడ పుట్టినప్పుడు పాతపట్నం విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి. ఇల్లు కదలకుండానే పుట్టింటి చిరునామా అన్నిసార్లు మారింది, ఆ తర్వాత ఆవిడ ఏరు దాటి ఇంకో రాష్ట్రానికి కాపురానికి వచ్చింది. గిడుగు రామమూర్తి గారు దశాబ్దాల తరబడి పర్లాకిమిడిలో ఉండి, పాఠాలు చెప్పి, సవర భాష కోసం అంత పని చేసి, ఊరు ఒడిశాలో కలిసిందని 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పేరు మనందరికీ తెలుసు. ఎదురు దిక్కున తెలుగు గడ్డ మీంచి వచ్చి, అక్కడే ఉండిపోయి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ వీధిలో ఒడియాలో బేరం చేస్తూ, పిల్లల్ని ఒడియా బడికి పంపి పెంచిన ఆడవాళ్ళ గురించి ఎవరైనా రాసింది నేను చూడలేదు. మీ అమ్మ అందులో ఒకరు. అమ్మ లెక్కలు నువ్వు చదవలేకపోతున్నావంటే అందులో నువ్వు సిగ్గుపడాల్సిందేమీ లేదు, అది ఆ సరిహద్దు మీ ఇంట్లోకి తెచ్చిన సంగతి, దాన్ని అలాగే పుస్తకంలో రాయండి. పాతపట్నం పిల్లకి ఒడియా ఎవరు నేర్పారు? మొదటి బేరం ఏ ఇంట్లో చేసింది? మీ వీధిలో అమ్మని మౌసీ, అంటే పిన్నీ, అని పిలిచే ఒడియా ఇళ్ళుంటాయి కదా, ఆ పెద్దావిడల్ని అడుగు. బయటివాళ్ళకి మనవాళ్ళ గురించి మనకి తెలియనివి తెలుస్తాయి, ముఖ్యంగా డబ్బు ఇబ్బంది ఉన్న రోజుల్లో ఎవరి దగ్గరికి వెళ్ళింది, ఎవరికి సాయం చేసింది అన్నవి.

లెక్కల పుస్తకం చదవడానికి మనిషి నీకు ఉండనే ఉంది. ఈ ఉత్తరం టైపు చేసిన పిల్లకి తెలుగు వచ్చు కదా. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, ఒక్కో పేజీ ఫొటో తీసి ఆ పిల్లకి పంపు, ఫ్లాష్ వెయ్యకు. ఆ పిల్ల ఫోన్‌లో పైకి చదువుతుంటే నువ్వు విను. పాత పద్ధతిలో తెలుగు అంకెలు వేసి ఉంటే ఆ పిల్లకీ కష్టం కావచ్చు, అలాంటివి చిన్నమ్మకి చూపించాలి. అందులో అమ్మ తన మనసులో మాటలేవీ రాసుకుని ఉండకపోవచ్చు, అలా ఆశ పెట్టుకోకు, ఆ తరంలో ఆడవాళ్ళు లెక్కలే రాసుకునేవారు. కానీ ఆ లెక్కల్లోనే ఉంటుంది అంతా. ఎవరికి అరువిచ్చింది, ఎవరు తీర్చలేదు, ఏ నెలలో మినపప్పు ఎంత కొంది, మీ స్కూలు ఫీజు ఏ రోజు కట్టింది. అణాలా, పైసలా? వీశెలా, కిలోలా? కిలోలు మన బజార్లలోకి వచ్చింది 1960ల మొదట్లో, దాన్నిబట్టి ఆ పేజీ ఎప్పటిదో పోల్చుకోవచ్చు. ఆ పుస్తకాన్ని లామినేషన్ చేయించకు, చిరిగిన చోట సెలోటేప్ అంటించకు, ప్లాస్టిక్ కవర్లో పెడితే మన వైపు తేమకి బూజు పడుతుంది. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి ఆరిన చోట పెట్టు, అంతే.

ఇక రాయడం. "ఓర్పుకి మారుపేరు" అన్న మాట ఎవరి అమ్మ పుస్తకం మీదైనా వెయ్యొచ్చు, అందుకే అది మీ అమ్మ గురించి ఏమీ చెప్పదు. దాని బదులు ఆవిడ నలభై ఏళ్ళ వయసులో ఉన్నప్పటి వడియాల రోజు ఒకటి మొదట్నుంచి చివరిదాకా రాయి. నీకు అప్పుడు ఎనిమిది తొమ్మిదేళ్ళు, నువ్వు చూసిందే. ముందు రోజు బూడిద గుమ్మడికాయ ముక్కలు తరిగి, ఉప్పు పసుపు కలిపి, గుడ్డలో మూట కట్టి పైన బరువు పెట్టేది, నీళ్ళు దిగడానికి. మినపప్పు నానబోసేది. తెల్లవారకముందు రోటి చప్పుడు వినపడేది కదా నీకు? పచ్చిమిరపకాయలు ఎన్ని, ఇంగువ ఎప్పుడు వేసేది, పిండి ఎంత గట్టిగా ఉండాలనేది? ఒడియా వాళ్ళ బడికైతే పిండిని చేత్తో గిలకొట్టి గిలకొట్టి, కాస్త తీసి నీళ్ళలో వేసి తేలితేనే పెట్టేవారు, అమ్మ అలా చూసేదా? ఏ చాప, ఏ పాత పంచె, ఎవరి డాబా? కాకుల్ని తోలడానికి ఎవర్ని కూర్చోబెట్టేది, నిన్నా తమ్ముణ్ణా? ఎండిపోయాక ఏ ఇంటికి ఎన్ని, ధర ఎంత, డబ్బులు ఎక్కడ దాచేది? ఇవి రాస్తుంటే నీ చేతులకే గుర్తుకొస్తాయి, మంచం పక్కన కూర్చున్న అమ్మాయి కాదు, కాకుల్ని తోలిన చిన్నపిల్ల గుర్తుకొస్తుంది. గుర్తు రాకపోతే ఒక పని చెయ్యి, ఒక కాయ తెచ్చి వడియాలు పెట్టు. సరిగ్గా రాకపోయినా పరవాలేదు, చెయ్యి తిప్పుతుంటే అమ్మ అనే మాటలు వస్తాయి, ఆ మాటలు వెంటనే ఫోన్‌లో చెప్పి దాచుకో.

కోపం రాయాలా అన్నావు. రాయి. కోపం తీసేస్తే మీ అమ్మని తెలిసినవాళ్ళు ఆ పుస్తకం చదివి ఇదెవరో అనుకుంటారు. కానీ కోపాన్ని దాని పనితో కలిపి రాయి. తడి వడియాలు ఆరుబయట ఉండగా మబ్బు పడితే ఆ రోజు పప్పు డబ్బులు మొత్తం పోయినట్టే. అప్పుడు పిల్లలు పిలిస్తే పలక్కుండా ఆడుకుంటుంటే ఆవిడ గొంతు ఎలా లేచేదో నీకు తెలుసు. నెలంతా అలాంటి రోజులే ఉన్న మనిషి కోపాన్ని, ఊరికే కోపిష్టి అని ఒక్క మాటలో రాయడం అన్యాయం, అసలు కోపమే లేదని రాయడం అంతకంటే అన్యాయం. దేవతని చేస్తే ఆవిడ పడ్డ కష్టం కూడా పోతుంది. దేవతకి పప్పు డబ్బులు పోతే ఏం, పోకపోతే ఏం?

వదినతో మాటల్లేకపోవడం మాత్రం వేరు సంగతి. అది రాయవద్దు అంటాను. అమ్మ లేదు, వదిన ఉంది, పుస్తకంలో వచ్చిన దానికి ఆవిడ జవాబు చెప్పుకునే చోటు ఉండదు, ఆ పుస్తకం ఆవిడ పిల్లల చేతుల్లోకే వెళుతుంది. ఎవరిది తప్పు అన్నది మీరు ముగ్గురూ తేల్చగలిగేదీ కాదు. అయితే నువ్వు చేయగలిగేది ఒకటుంది, అన్నయ్యని అడిగినట్టే వదినని కూడా విడిగా, ఫోన్ చేసి అడుగు: "వదినా, నీకు అమ్మ గురించి గుర్తున్నదేదైనా ఒకటి చెప్పు, నువ్వు చెప్పిందే నీ పేరుతో వేస్తాను." ఒకే వంటింట్లో తిరిగిన కోడలు అత్తగారిని చూసినన్ని గంటలు, స్కూలుకెళ్ళే కూతురు తల్లిని చూసి ఉండదు. ఆవిడ చెప్పనంటే బలవంతం వద్దు. చెబితే మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా వెయ్యి. ఆ గొడవంతా నీ మనసులోంచి పోవాలంటే వేరే నోటు పుస్తకంలో ఒడియాలో రాసుకో, అది నీ ఒక్కదాని కోసం.

సంవత్సరీకం రోజు తద్దినం పనులే సరిపోతాయి, వచ్చినవాళ్ళ భోజనాలు, వడ్డన, మళ్ళీ రైలు టైము, ఆ హడావుడిలో ఎవరూ ఏమీ మాట్లాడుకోరు. అందుకని అన్నయ్యని ముందు రోజు సాయంత్రానికే రమ్మను. ఆ సాయంత్రం నువ్వు పోగుచేసినవి చదివి వినిపించు, పిల్లలు ప్రశ్నలు వేస్తారు, అన్నయ్యకి కొత్తవి గుర్తొస్తాయి. ఆ తర్వాతే అచ్చుకి ఇవ్వండి, సంవత్సరీకానికే పుస్తకం చేతిలో ఉండాలన్న పట్టుదల వద్దు. ఏడాది దాటితే ఏం, మనకి పెద్దల్ని తలుచుకునే రోజులు ఇంకా ఉన్నాయి. మహాలయ పక్షాలున్నాయి, మన వైపు సంక్రాంతి అంటే పెద్దల పండగే, కొత్త బట్టలు వాళ్ళ ముందు పెట్టాకే మనం కట్టుకుంటాం. దీపావళి సాయంత్రం మీ వీధిలో మన పిల్లలు గోగు కాడలకి గుడ్డ చుట్టి దివిటీలు కొడుతూ "దిబ్బూ దిబ్బూ దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి" అంటారు, పక్కింటి ఒడియా వాళ్ళు కట్టెలు వెలిగించి "బొడొబొడువా హో, అంధారొరే ఆసొ, ఆలువొరే జావొ" అని, అంటే చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి అని, వాళ్ళ పెద్దల్ని పిలుస్తారు. మీ అమ్మ అరవై ఏళ్ళకి పైగా ఆ రెండు కేకలూ విని ఉంటుంది. ఆ పుస్తకం దీపావళికి వచ్చినా ఏ లోపమూ లేదు.

బ్యానరు సంగతి నువ్వు అడగలేదు గానీ అన్నయ్య ఎలాగూ అంటాడు. నిలువెత్తు ఫ్లెక్సీకి పెట్టే డబ్బులు పుస్తకం కాగితం మీద పెట్టమని చెప్పు. ఫొటో కూడా ఆధార్ కోసం తీసినది, ఆస్పత్రిలో తీసినది వద్దు. పాతపట్నంలో పాత పెళ్ళి ఫొటోల్లో వెనక వరసలో నిలబడి ఉంటుంది చూడు, అది చిన్నదైనా సరే, స్కాన్ చేసి పెద్దది చేస్తారు. పుస్తకం మధ్యలో పిన్ను కొట్టేదైతే పేజీలు నాలుగేసి చొప్పున ఉండాలి, 16 గానీ 20 గానీ 24 గానీ. ఎక్కువ కాపీలు వద్దు, ఇంటింటికి ఒకటి, మౌసీ అని పిలిచిన ఇళ్ళకి ఒకటి చొప్పున చాలు.

భాష విషయంలో నా మాట ఇది: రెండూ. నువ్వు ఒడియాలోనే రాయి, నీకు బాగా వచ్చిన లిపిలో రాస్తేనే నీ మాట సాఫీగా వస్తుంది, అమ్మ అన్న మాటలు మాత్రం తెలుగు మాటల్నే ఒడియా అక్షరాల్లో పెట్టు. ఎడమ పేజీ ఒడియా, కుడి పేజీ తెలుగు. తెలుగు పేజీలకి, నువ్వు ఒడియాలో రాసుకున్నది తెలుగులో చెబుతుంటే మీ తమ్ముడి కూతురు రాస్తుంది, ఈ ఉత్తరం రాసినట్టే. చిన్నమ్మకి కుడి పేజీలు, పక్కింటి మౌసీలకి ఎడమ పేజీలు. సూరత్‌లో పెరిగిన అన్నయ్య పిల్లలు రెండూ చదవలేకపోవచ్చు, వాళ్ళ కోసం నువ్వే పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసి పంపించు. రాసిన పేరు దగ్గర నీ పేరుతో పాటు ఆ పిల్ల పేరు కూడా వెయ్యండి.